నక్షత్రవీథుల నడిబొడ్డున కృష్ణబిలము



రేడియో పెట్టె మర త్రిప్పునపుడు ఒక స్టేషనుకును వేఱొక స్టేషనుకును నడుమ సన్నని బుస వంటి శబ్దము వినవచ్చుట మీరందఱును ఎఱిగినదే. అందు చాల భాగము మన చుట్టుపట్ల మెఱుపుల వలనను, విద్యుద్యంత్రముల వలనను పుట్టును. అత్యల్పమైన యొక పాలు మాత్రము ఈ భూమికి సంబంధించినది కాదు. దాని జాడ తీసినవాడు జ్యోతిశ్శాస్త్రవేత్త కాడు. అమెరికాలో ఒక టెలిఫోను సంస్థ యొక్క పరిశోధనాలయమున పనిచేయుచుండిన కార్ల్ జాన్‌స్కీ అను ఇంజనీరు. అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా సాగు రేడియో సంభాషణలకు అడ్డు తగులు రొద యెక్కడినుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు యజమాను లతనిని నియోగించిరి. అతడు కొయ్య చట్రమునకు ఇత్తడి గొట్టములు బిగించి, మోటారుబండి చక్రములపై నిలిపి, గానుగ వలె గుండ్రముగా తిరుగు ఏరియల్ నొకదానిని కట్టెను. దగ్గఱి ఉఱుములు, దూరపు ఉఱుములు పోగా మూడవ రొద యొకటి మిగిలెను. అది మొదట సూర్యుని దిక్కునుండి వచ్చుచున్నట్లు తోచెను గాని, దినదినమును నాలుగేసి నిమిషములు ముందుగా వచ్చుచు, క్రమముగా సూర్యుని విడిచి దూరమయ్యెను. నక్షత్రములు దినమునకు నాలుగు నిమిషములు ముందుగా ఉదయించునని పంచాంగ మెఱిగిన పెద్దలకు నేను చెప్ప నక్కఱలేదు. ఆ రొద నక్షత్రములతో కూడ తిరుగుచున్నది. అది ధనూరాశి దిక్కున, పాలపుంత నడిబొడ్డునుండి మిక్కుటముగా వచ్చుచున్నదని 1933లో జాన్‌స్కీ ప్రకటించెను.

ఆ దిక్కు మన పంచాంగమున మూలానక్షత్ర ప్రాంతము. పేరునుబట్టి మన పూర్వులు పాలపుంతకు మూలమెక్కడనో ముందే ఎఱిగియుండిరని చెప్పువారు కలరు. నాకు అందులకు తగిన ఆధార మేదియు కనబడలేదు. ఆ రొద యంతయు నేను నేడు చెప్పబోవు కృష్ణబిలము నుండి వచ్చినదనియు అనుకొనరాదు. పాలపుంత యంతటను వ్యాపించిన రొద అది. కాని కంటికి కానరాని ఆకాశ మొకటి కలదనియు, దానిని చెవితో తెలిసికొనవచ్చుననియు మానవునికి తెలిసిన దినము మాత్రము అదియే. ఈ కథ అక్కడనుండి మొదలగుచున్నది.

పాలపుంత యనగా పదివేల కోట్లకు తక్కువ కాని నక్షత్రముల మహాసమూహము. మన సూర్యుడు దానిలో ఒకడు. దాని నడిబొడ్డునకు సుమారు 26 వేల కాంతి సంవత్సరముల దూరమున నున్నాడు. కాంతి యొక సంవత్సరమున సాగు దూరము, అనగా ఇంచుమించు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు, ఒక కాంతి సంవత్సరము. పాలపుంత వంటి సమూహములు విశ్వమున లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఆంగ్లేయులు గెలాక్సీ యను వీనిని నేను నక్షత్రవీథులని వ్యవహరింతును.

ఇక కృష్ణబిలమన నేమి? కాంతి సయితము తప్పించుకొని పోలేనంత దట్టముగా పదార్థము కుదించుకొనిపోయిన చోటు. ఈ యూహ క్రొత్తది కాదు. 1783లోనే ఇంగ్లండున జాన్ మిచెల్ అను క్రైస్తవ పురోహితుడు ఇట్టి చీకటి నక్షత్రము లుండవచ్చునని వ్రాసెను. ఐన్‌స్టైన్ సిద్ధాంతమునుబట్టి దానికి సరియైన గణితమును 1916లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ప్రకటించెను. అప్పుడాతడు జర్మను సైన్యమున చేరి రష్యా సరిహద్దు రణరంగమున నుండెను. ఆ యేడే వ్యాధిచే మరణించెను. 1930లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, ఓడమీద ఇంగ్లండునకు పోవుచు, పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు వేసిన లెక్క కూడ ఈ దారిలోనిదే. చల్లారిన నక్షత్రము ఒక హద్దును మించి బరువైనచో తన బరువును తాను మోయజాలదని ఆ లెక్క. పెద్దలు కొంద ఱాయనను పరిహసించిరి. 1983లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి.

కాని ఒక నక్షత్రము కూలి యేర్పడిన బిలములు చిన్నవి. నేడు నేను ముచ్చటించునవి లక్షల సూర్యుల బరువు మొదలుకొని వేయి కోట్ల సూర్యుల బరువు వఱకు నుండి, నక్షత్రవీథుల నడిబొడ్డున కూర్చుండిన మహాబిలములు. ఇవి తామున్న వీథి నేమి చేయుచున్నవి యనునదే నా ప్రశ్న.

ఇచట ఒక అపోహను ముందుగా తొలగింపవలసియున్నది. కృష్ణబిలము చెఱువు తూమునొద్ద సుడి వలె చుట్టునున్న సమస్తమును లోనికి లాగికొనునని పలువురు తలంతురు. అది నిజము కాదు. పది కోట్ల సూర్యుల బరువుగల బిలమును తీసికొనుడు. నక్షత్రవీథిని భూగోళమంతగా భావించినచో ఆ బిలము శనగగింజంత యుండును. దాని బరువు వీథి బరువులో వేయింట ఒక పాలు మాత్రమే. దాని యాకర్షణ గట్టిగా పనిచేయునది చాల కొద్ది దూరము. మన సూర్యునివంటి నక్షత్రమునకు అట్టి బిలము ఉన్నను లేకున్నను కక్ష్యలో మార్పుండదు. శనగగింజ భూగోళమును శాసించుట యెట్లు? అది మ్రింగుటచేత కాదు, మ్రింగునపుడు వెడలగ్రక్కుటచేత.

ఈ సంగతి తెలియుటకు చాలకాలము పట్టినది. 1943లో అమెరికాలోని కార్ల్ సేఫర్ట్ ఆఱు నక్షత్రవీథులను పరీక్షించి, వాని నడిబొడ్డులు వింతగా వెలుగుచున్నవనియు, అచ్చట వాయువు సెకండుకు వేల కిలోమీటర్ల వేగముతో కదలుచున్నదనియు ప్రకటించెను. యుద్ధకాలమగుటచేత గాబోలు, ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు తక్కువ. 1960లో ఆయన మోటారు ప్రమాదమున మరణించెను. మఱి మూడేండ్లకు, 1963లో, మార్టెన్ ష్మిట్ అను డచ్చి పండితుడు, కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండమీద నున్న 200 అంగుళముల దూరదర్శినితో తీసిన 3సీ 273 అను చిన్న చుక్క యొక్క వర్ణపటమును చూచి, అది మన పాలపుంతలోని చుక్క కాదనియు, కాంతి సంవత్సరములలో నూఱు కోట్లను మించిన దూరమునుండి ప్రకాశించుచున్నదనియు తేల్చెను. అంత దూరమునుండి కనబడవలెనన్న అది ఒక నక్షత్రవీథిలోని నక్షత్రము లన్నిటి కాంతిని మించి వెలుగవలెను. అట్టివానికి క్వేజారులని పేరు వచ్చెను. సేఫర్ట్ చూచినదియు ఇదియే, కొంచెము చిన్న మోతాదున. తాను పట్టినది ఎంత పెద్దదో తెలియకయే ఆయన పోయెననిన నాకు బాధ కలుగును.

అంత చిన్నచోట అంత వెలుగెట్లు? 1964లో అమెరికాలో సాల్పీటరును, రష్యాలో జెల్డోవిచ్చును వేఱువేఱుగా ఒకే మాట చెప్పిరి: అది మహాబిలములో పదార్థము పడుటవలన. పడు వాయువు తిన్నగా పడదు. పళ్ళెము వలె చుట్టు తిరుగుచు, ఒరసికొని కాగి, వెలుగు చిమ్ముచు పడును. సూర్యునిలో హైడ్రోజను మండునపుడు దాని బరువులో వేయింట ఏడు పాళ్ళు శక్తిగా మాఱును. బిలములో పడునపుడు వేయింట నూఱు పాళ్ళవఱకు మాఱును. ఒక గ్రాము పదార్థము ఇట్లు పడినచో 25 లక్షల యూనిట్ల విద్యుత్తునకు సమానమైన శక్తి వెడలును. 1969లో డోనాల్డ్ లిండెన్-బెల్ మఱొక అడుగు వేసి, నాటి క్వేజారులు ఆరిపోయి నేటి సామాన్య నక్షత్రవీథుల నడుమ బిలములై మిగిలియుండవలెనని చెప్పెను. ఆ మాట నిజమైనది. మన పాలపుంత నడుమ 40 లక్షల సూర్యుల బరువుగల బిల మున్నదని నక్షత్రముల గమనమునుబట్టి నిరూపించిన గెంజెల్, గెజ్ అను ఇరువురికి 2020లో నోబెల్ బహుమానములో పాలు లభించినది. ఎం. 87 అను వీథి నడుమనున్న 650 కోట్ల సూర్యుల బిలము యొక్క నీడను 2019లో పటముగా కట్టిరి. ఆ వీథినుండి నిటారుగా వెడలు వెలుగుధార నొకదానిని 1918లోనే హీబర్ కర్టిస్ చూచియుండెను. అది ఎందుకున్నదో మాత్రము అప్పుడెవరికిని తెలియదు.

ఇక 1998 మొదలు 2000 వఱకు జరిగిన పరిశీలనలలో ఒక వింత బయటపడెను. నక్షత్రవీథి నడిమి ఉబ్బు ఎంత పెద్దదో బిలమును అంత పెద్దది. అచ్చటి నక్షత్రములు ఎంత వడిగా తిరుగుచున్నవో చెప్పినచో బిలము బరువు ఇంచుమించుగా చెప్పవచ్చును. ఆ నక్షత్రములకు బిలము యొక్క ఆకర్షణయే అందదు. మఱి ఈ పొత్తు ఎట్లు కుదిరెను? బిలము పెరుగునపుడు చిమ్మిన శక్తి వీథిలోని వాయువును వెళ్ళగొట్టి, తన పెరుగుదలను, వీథి పెరుగుదలను ఒకేసారి నిలిపినదని 1998లో సిల్కు, రీస్ అను ఇరువురు ప్రతిపాదించిరి. లెక్కకు అది సరిపోవును. బిలము పెరుగుచు చిమ్మిన మొత్తము శక్తి, వీథి నడిమిభాగమును చెదరగొట్టుటకు కావలసిన శక్తికంటె ఎన్నో రెట్లు. కాని శక్తి యుండుట వేఱు, ఆ శక్తి పనిచేయుట వేఱు. ఒకే కాలువ నీరు త్రాగిన రెండు మొక్కలు ఒకదానితో నొకటి పొసగి పెరిగినంతమాత్రమున ఒకటి రెండవదానిని పెంచినదనలేము గదా! ఈ ఆక్షేపణను కొందఱు పండితులు చేసిరి. అది న్యాయమైన ఆక్షేపణయే యని నా యభిప్రాయము. బిలము తన వీథిమీద చేయి వేయుచుండగా పట్టుకొనవలెను. అట్లు పట్టుకొన్న చోటునకు మిమ్ము తీసికొనిపోవుదును.

కృత్తికలకు ఉత్తరమున పర్సియస్ అను తారాగణము కలదు. ఆ దిక్కున, వట్టి కంటికి కనబడక, సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున వేలకొలది నక్షత్రవీథుల గుంపొకటి యున్నది. దాని నడుమ నున్న పెద్దవీథి పేరు ఎన్.జీ.సీ. 1275. సేఫర్ట్ చూచిన ఆఱింటిలో ఇది యొకటి. ఈ గుంపంతయు వాయువులో మునిగియున్నది. ఆ వాయువు కొన్ని కోట్ల డిగ్రీల వేడి గలదై, ఎక్స్ కిరణములను వెడలగ్రక్కుచున్నది. భూమిచుట్టునున్న గాలి యా కిరణములను అడ్డగించును గనుక, వానిని చూచుటకు దూరదర్శినిని ఆకాశమున కెక్కింపవలెను.

కిరణములు చిమ్ము వస్తువు చల్లారవలెను. పొయ్యి దించిన కడవలోని నీరు చల్లారునట్లే. నడుమనున్న వాయువు చల్లారి, బరువెక్కి, క్రిందికి జాఱి, ఏటేట కొన్ని వందల సూర్యులకు సరిపడు పదార్థము నక్షత్రములుగా మాఱవలెనని 1977లో లెక్కలు కట్టిరి. ఆ నక్షత్రములకొఱకు వెదకిరి. కనబడినవి బహు కొద్ది. 1999లో ఐరోపావారు ఎగురవేసిన ఎక్స్ఎంఎం-న్యూటన్ దూరదర్శిని ఇట్టి గుంపులను పరీక్షింపగా, చల్లారుచున్న వాయువుండవలసినంత లేదని 2001లో తేలెను. అనగా కడవ క్రింద ఎవరో మంట పెట్టుచునే యున్నారు.

ఆ మంట ఎవరిదో చూపినది అదే 1999లో అమెరికావారు పంపిన చంద్ర దూరదర్శిని. మద్రాసు కళాశాలలో చదివిన ఆ చంద్రశేఖరుని పేరే దానికి పెట్టిరి. పర్సియస్ గుంపు నడిమిభాగమున రెండు నల్లని గుంటలు అది స్పష్టముగా చూపెను. వాని ఛాయలు అంతకుముందే జర్మను దూరదర్శినికి చిక్కియుండెను. బిలమున కిరువైపుల వెడలు ధారలు వేడి వాయువును ప్రక్కకు త్రోసి, అందు బుడగలను ఊదుచున్నవి. ఒక్కొక్క బుడగ కొన్ని పదుల వేల కాంతి సంవత్సరముల వెడల్పు గలది. పాత బుడగలు నీటిలో బుడగలవలె మీదికి తేలిపోవుచున్నవి, క్రొత్తవి క్రింద పుట్టుచున్నవి.

అంతకంటె వింత 2003లో తెలిసెను. కేంబ్రిడ్జిలోని ఆండ్రూ ఫేబియన్ మొదలగువారు రెండు దినములకు మించి తదేకముగా తీసిన పటమున, బుడగల చుట్టును చెఱువులో ఱాయి వేసినపుడు లేచు అలలవంటి వలయములు కనబడెను. వాయువులో అలయనగా శబ్దమే. ఆ వలయముల ఎడమునుబట్టి లెక్కింపగా ఒక అలకును మఱొక అలకును నడుమ ఇంచుమించు కోటి సంవత్సరములు! అది హార్మోనియము పెట్టె నడిమి షడ్జమునకు క్రింద 57 స్థాయిలు దిగిన స్వరము. మానవుని చెవికి అందునది కాదు. 2022లో అమెరికావారు ఆ అలలనే అన్ని స్థాయిలు పైకెత్తి, చెవికి వినబడునట్లు చేసి వినిపించిరి. అది గుహలో ఏనుగు మూలుగువలె నున్నది. వినినవారికి భయమగునో, భక్తి కలుగునో నేను చెప్పజాలను.

ఈ అలలును, బుడగల కదలికయు వాయువును కాచుచున్నవి. పొయ్యిమీది పాలు మీరెఱుగుదురు. పొంగి పొయ్యిలో పడినచో మంట తగ్గును, మంట తగ్గగా పొంగు దిగును. ఇక్కడి పొయ్యి మాత్రము విపరీతమైనది. పాలు పడినకొలది మంట హెచ్చును. వాయువు చల్లారి బిలమునొద్దకు జాఱును, బిలము మండి ధారలను చిమ్మును, వాయువు కాగి పైకి లేచును, మేత లేక బిలము మందగించును, మరల వాయువు చల్లారును. అంతటి బరువుగల వీథిలో నక్షత్రములు విరివిగా పుట్టకుండ ఈ యాట ఎన్నివందల కోట్ల యేండ్లుగానో జరుగుచున్నది. ఈ మంట లేకున్నచో మహావీథు లన్నియు నేడున్నదానికంటె మిక్కిలి పెద్దవై, యువనక్షత్రములతో నీలముగా నుండవలెనని 2006లో రెండు బృందములు కంప్యూటరు లెక్కలతో చూపిరి. ఉన్నవి అట్లు లేవు. అవి ఎఱ్ఱబడినవి. ఎఱుపు వృద్ధనక్షత్రముల రంగు. వందల కోట్ల యేండ్లుగా ఏ యింటను ఉయ్యాల కట్టని గ్రామమువంటివి అవి.

మంట సరే, వేడి బిలమునుండి అంత దూరము ఎట్లు ప్రాకుచున్నది? దీనిని తేల్చుటకు జపానువారు 2016 ఫిబ్రవరి 17వ తేదీన ఒక ఉపగ్రహమును పంపిరి. దానికి హితోమి యని పేరు, అనగా కంటిపాప. అది మొట్టమొదట చూచినది పర్సియస్ గుంపునే. తన దిక్కును తాను సరిచేసికొను యంత్రాంగము తప్పి, గిరగిర తిరిగి, నలువది దినములైన నిండక మార్చి 26న ముక్కలైపోయెను. అంతలోనే అది పంపిన కొలతవలన, ఆ వాయువు కలత సెకండుకు 164 కిలోమీటర్లు మాత్రమేయని తెలిసినది. బిలము అంత అలజడి చేయుచుండగా వాయువు ఇంత నెమ్మదిగా నుండుట ఆశ్చర్యము. ఇంత మందమైన కదలిక వేడిని దూరమునకు మోయునా, శబ్దతరంగములే మోయునా యను వాదము నేటికిని తీఱలేదు. 2023లో జపానువారే క్రిజమ్ అను మఱొక కంటిపాపను పైకి పంపిరి.

ఒక్కొక్కప్పుడు ఈ యుద్గారములు మన యూహకు మించియుండును. సర్పధరుడను తారాగణపు దిక్కున, 39 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్న గుంపులో ఒక మహాగుంట అంచు 2016లో కనబడెను. దానిని ఊదుటకు కావలసిన శక్తి మితిమీఱియుండుటచే, బిలము చేసిన పని కాదని త్రోసివేసిరి. 2020లో అది బిలము చేసిన పనియేయని తేలెను. ఆ గుంటను నింపియున్న రేడియో కాంతిని పట్టిన యంత్రములలో ఒకటి మన దేశములోనిది. పూనాకు ఉత్తరమున ఖోడద్ గ్రామమువద్ద పొలముల నడుమ 45 మీటర్ల వెడల్పుగల 30 పళ్ళెములు ఆకాశమువైపు తిరిగియుండు దూరదర్శిని యది.

ఇదిగాక రెండవ తీరు కలదు. బిలము ఆకలిగొని మిక్కుటముగా మేయునపుడు ధారలు కాక, వెలుగే గాలియై వీచును. మార్కేరియన్ 231 అను వీథినుండి, నక్షత్రములకు విత్తనమువంటి చల్లని వాయువు ఏటికి 700 సూర్యులంత బయటికి కొట్టుకొనిపోవుచున్నదని 2010లో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండలమీది రేడియో దూరదర్శినితో కొలిచిరి. ఈ లెక్కన దాని గాదె కోటి యేండ్లలో ఖాళీ యగును. విశ్వకాలమున అది రెప్పపాటు. అట్లని బిలము నెల్లప్పుడును గొడ్డలిగా తలపరాదు. ఎన్.జీ.సీ. 541 అను వీథినుండి వెడలిన ధార దారిలో వాయువును గ్రుద్ది, కుదించి, క్రొత్త నక్షత్రములను పుట్టించిన చోటును చూచియున్నారు.

మన పాలపుంతలోని బిల మిప్పుడు నిద్రాణమై యున్నది. కాని పాలపుంత తలమునకు పైని క్రిందను 25 వేల కాంతి సంవత్సరముల చొప్పున ఉబ్బిన రెండు మహాబుడగలను 2010లో ఫెర్మి ఉపగ్రహము చూపినది. అవి ఆ బిలము ఒకప్పుడు మేసిన మేత గుర్తులా, లేక అక్కడ ఒక్కుమ్మడిగా పుట్టి పేలిన నక్షత్రముల గుర్తులా యనుటలో పండితులు రెండు పక్షములుగా నున్నారు. నాకు బిలము పక్షమే బలముగా తోచుచున్నది.

ఇక చెట్టు ముందా విత్తు ముందా యను చిక్కు మిగిలియున్నది. బిలము ముందు పుట్టి వీథిని చుట్టుకొనెనా, వీథి ముందు పుట్టి బిలమును కనెనా? 2021 డిసెంబరు 25న పైకెగిరిన జేమ్స్ వెబ్ దూరదర్శినియు, మన చంద్ర దూరదర్శినియు కలిసి యూహెచ్‌జెడ్1 అను వీథిని పరీక్షించిన ఫలితము 2023లో వెలువడెను. విశ్వము పుట్టిన 47 కోట్ల యేండ్లకే, అనగా ఈనాటికి సుమారు 1330 కోట్ల యేండ్లక్రిందట, అక్కడ మహాబిల మొకటి మేయుచుండెను. ఇట్టిది దొరకవలెనని ముందుగా లెక్క వేసినవారిలో యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవియందున్న భారతీయురాలు ప్రియంవద నటరాజన్ ఒకరు. నక్షత్రము కూలి పుట్టిన చిన్నబిలము అంత కొద్దికాలమున అంత పెరుగుట కష్టము. పెద్ద వాయుమేఘమే నక్షత్రము కాకుండ నేరుగా కూలి, పుట్టుకతోనే పెద్ద బిలమైనదని ఆమె పక్షము. మన చుట్టునున్న వీథులలో బిలము బరువు వేయింట ఒక పాలు. ఆ వీథిలో మాత్రము బిలమును ఒక తట్టలోను, చుట్టునున్న నక్షత్రము లన్నిటిని రెండవ తట్టలోను ఉంచినచో త్రాసు ఇంచుమించు సమముగా నిలుచును.